ఒకే జేబులో రెండు చీటీలు

ఒడిశాలోని బరంపురంలో మందుల షాపు పెట్టి 22 ఏళ్లయింది. ఈ పనిలో చీటీ కంటే ముందు మనిషి తెలిసిపోతాడు. జ్వరం చీటీ తెచ్చినవాడు వస్తూనే దాన్ని బల్ల మీద పడేసి ఫోన్ చూసుకుంటాడు. మనసు డాక్టరు రాసిన చీటీ తెచ్చినవాడు దాన్ని నాలుగు మడతలు పెట్టి, షాపు ఖాళీ అయ్యేదాకా పక్క పాన్ కొట్టు దగ్గర నిలబడి, అప్పుడు వచ్చి అరచేతిలోంచి అందిస్తాడు. మత్తు మానిపించే చోట రాసిన చీటీ అయితే తల్లి పట్టుకొస్తుంది. పిల్లాడు రాడు.

ఈ రెండు చీటీలూ ఒకే పిల్లాడివి అయిన సందర్భాలు చాలా చూశాను. ఒకటి రాసినాయనకి రెండోదాని సంగతి తెలియదు, రెండోది రాసినాయనకి మొదటిదాని సంగతి తెలియదు. రెండూ తెలిసినవాళ్లు ఇద్దరే, ఆ తల్లీ నేనూ. అలా వచ్చిన తల్లుల్లో ఒకరు మా అప్ప, అంటే మా అక్క.

నేను డాక్టరుని కాను. డి.ఫార్మసీ చదివి కొట్టు పెట్టుకున్నవాణ్ణి. కానీ ఒక విషయంలో డాక్టర్లతో, సెంటర్లవాళ్లతో, మా చుట్టాలతో కూడా నాలుగేళ్లుగా గొడవ పడుతూనే ఉన్నాను. మత్తు అలవాటూ మానసిక జబ్బూ రెండూ ఉన్న పిల్లాణ్ణి "ముందు అది మానేసి రా, తర్వాత ఇది చూద్దాం" అని తిప్పి పంపకూడదు. పిల్లాడు ఇంకా మానకపోయినా సరే, రెండింటికీ ఒకేసారి, ఒకే చోట వైద్యం మొదలుపెట్టాలి. ఇంతే నా వాదన. ఇంత చిన్న మాటకి ఇంత పెద్ద వ్యాసం ఎందుకంటే, మా మేనల్లుడి విషయంలో ఈ మాట ఎవరికీ ఎక్కడానికి 14 నెలలు పట్టింది.

మా అప్పవాళ్లది గంజాం జిల్లాలోనే, ఇచ్ఛాపురం దాటి ఇటు వచ్చాక ఉండే ఊళ్లలో ఒకటి. బావ సూరత్‌లో పవర్‌లూమ్ మీద పని చేస్తాడు. గంజాం నుంచి సూరత్ పోనివాళ్లు ఉన్న వీధి ఒక్కటి చూపించమంటే మాకు కష్టమే. ఏడాదికి ఒకసారి వచ్చే తండ్రి, పొద్దున్న లేచింది మొదలు అప్పడాలు వత్తే తల్లి, మధ్యలో ఈ గుంటడు. పేరు రాయను. ఇంట్లో చిన్నోడు అంటాం, ఇక్కడా అదే.

చిన్నోడు తొమ్మిదో తరగతిలో నిద్ర పట్టడం లేదన్నాడు. ఫోన్ చూసి చూసి అలా అయిందన్నాం. పదో తరగతికి వచ్చేసరికి ఎదురింటివాళ్లు తన గురించే మాట్లాడుకుంటున్నారని కిటికీ తలుపు తీయనిచ్చేవాడు కాదు. ఎవరో గాలి సోకిందన్నారు, తాయెత్తు కట్టించాం. నేనూ కట్టించినవాళ్లలో ఉన్నాను. షాపులో రోజూ ఇన్ని మాత్రలు అమ్మేవాణ్ణి, సొంత మేనల్లుడికి మాత్రం తాయెత్తు. ఆ తర్వాత ఒకరోజు వాడి పుస్తకాల సంచిలో కాగితంలో చుట్టిన గంజాయి దొరికింది. అంతే, అప్పటిదాకా గాలి అన్నవాళ్లందరూ ఒక్క రోజులో మాట మార్చేశారు. "గంజాయి వల్లే ఇదంతా" అని తేలిపోయింది. సూరత్ నుంచి ఫోన్‌లో బావ ఒక్కడే "ముందు వాడి మనసు పాడైంది, తర్వాతే ఆ పాడు అలవాటు" అని అరిచేవాడు. అప్పా బావా రాత్రుళ్లు ఫోన్‌లో దీని మీదే తగువు.

గంజాయి ముందా, జబ్బు ముందా? ఈ ప్రశ్న మీద చాలా ఇళ్లలో చాలా నెలలు వృథా అవుతాయి. నాకు తెలిసినంతలో రెండు దారులూ నిజమే. స్వీడన్‌లో సైన్యంలో చేరడానికి వచ్చిన 45 వేలమందికి పైగా కుర్రాళ్లను 15 ఏళ్లపాటు గమనించి 1987లో ఒక పరిశోధన వెలువరించారు. అప్పటికే 50 సార్లకు మించి గంజాయి తాగినవాళ్లలో, తాగనివాళ్లతో పోలిస్తే, స్కిజోఫ్రేనియా (లేని గొంతులు వినపడే, లేని అనుమానాలు పట్టుకునే జబ్బు) ఆరు రెట్లు కనిపించింది. గంజాయి తాగిన ప్రతివాడికీ మతి చలిస్తుందని దీనర్థం కాదు, ఎక్కువమందికి అలా జరగదు కూడా. లేత వయసులో, ఎక్కువగా, ఇంట్లో అప్పటికే ఆ జబ్బు ఛాయలు ఉన్నవాళ్లకి ప్రమాదం ఎక్కువ. (మా తాతమ్మ "పూనకాల మనిషి" అని చెప్పుకునేవారు. ఇప్పుడు ఆ మాట తలుచుకుంటే నాకు వేరే అనుమానాలు వస్తాయి.) ఇక రెండో దారి. నిద్ర పట్టక, దిగులు తట్టుకోలేక, బుర్రలో రొద ఆగక, చేతికి అందినదేదో పీల్చే పిల్లలు. మానసిక జబ్బుల్లో సగం 14 ఏళ్లలోపే తల ఎత్తుతాయని పరిశోధకులు చెబుతారు. సరిగ్గా అదే వయసులో సావాసాలూ, మత్తూ మొదలవుతాయి. ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చున్నాక ఏది ముందో తేల్చేందుకు పంచాయితీ పెట్టుకోవచ్చు గానీ, పిల్లాడు ఈ లోపల పడుకోవాలి కదా.

డాక్టర్ల వైపు నుంచి ఒక న్యాయమైన మాట ఉంది, అది చెప్పకపోతే నాది ఏకపక్షం అవుతుంది. గంజాయి మత్తులోనూ గొంతులు వినపడతాయి, అనుమానాలు వస్తాయి. మానేశాక నెలకి కూడా అవి పోకపోతే అప్పుడు సొంతంగా ఉన్న జబ్బు అని ఖాయం చేసుకుంటారు. అందుకే కొన్నాళ్లు ఆగి చూద్దాం అంటారు. బాగానే ఉంది. కానీ ఆ నెల రోజులూ చూసేది ఎవరు? వారం వారం పిలిచి, నిద్ర ఎలా ఉంది, తిండి ఎలా ఉంది అని అడుగుతూ ఆగడం ఒకటి. "మానేసి నెల తర్వాత తీసుకురండి" అని పంపించేయడం మరొకటి. మాకు దొరికింది రెండోది. ఆ ఆసుపత్రి పేరు అనవసరం, ఇలా చెప్పే చోట్లు ఒకటి కాదు. రెండు గంటలు లైన్లో నిలబడితే నాలుగు నిమిషాలు చూశారు. నిద్రకి మాత్ర రాశారు.

ఆ నాలుగు నిమిషాల్లో జరిగినది ఒకటి చెప్పాలి. డాక్టరు గారు ఒడియాలో మర్యాదగానే అడిగారు, "మన ఖరాప్ లాగుఛి కి?" అని. మనసు బాగాలేదా అని. చిన్నోడు "నా" అన్నాడు. వాడు ఒడియా మీడియం, వాడి ఒడియా నాకంటే బాగుంటుంది. క్రికెట్ తిట్లన్నీ ఒడియాలోనే. కానీ ఇంటికొచ్చాక వాళ్లమ్మతో అన్నది తెలుగులో: "బుర్రలో ఎవడో నసుగుతున్నాడే అమ్మా, ఏమంటున్నాడో తెలీదు, ఊరుకోడు." ఈ వాక్యం ఆ గదిలో వచ్చి ఉంటే ఆ నాలుగు నిమిషాల దారే వేరుగా ఉండేది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరు రాష్ట్రమైనప్పుడు గంజాంలో మాలాంటివాళ్లం ఇటు ఉండిపోయాం. మూడు తరాలుగా బడిలో ఒక భాష, వంటింట్లో ఒక భాష. బజారుకి ఏ ఇబ్బందీ లేదు, రెండూ వచ్చు. లోపలి నొప్పికి మాత్రం ఎందుకో వంటింటి భాషే వస్తుంది. ఇక్కడికి దగ్గర్లోని పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తి గారు, సవర పిల్లలకి చదువు వాళ్ల మాటలోనే చెప్పాలని, తానే కూర్చుని సవర నేర్చుకున్నారు. అదంతా వందేళ్ల కిందటి మాట. నేను డాక్టర్లను తెలుగు నేర్చుకోమనడం లేదు. గంజాం, గజపతి, రాయగడ, కోరాపుట్ ఆసుపత్రుల్లో మనసు వైద్యం చేసే గదిలో తెలుగు తెలిసిన కౌన్సెలర్ ఒకరు, సవర, కువి లాంటి కొండ భాషలు తెలిసినవాళ్లు ఒకరు ఉండాలంటున్నాను. కాలు విరిగితే ఎక్స్‌రే చూసి కట్టు కట్టొచ్చు. ఈ జబ్బుకి ఎక్స్‌రే ఆ పిల్లాడి మాటే.

తర్వాత మత్తు మానిపించే సెంటరు. అక్కడి మేనేజరు వివరాలన్నీ విని, "గొంతులు వినపడుతున్నాయంటే మెంటల్ కేసు, మేం తీసుకోం" అన్నాడు. "పైగా 18 నిండలేదు." ఆసుపత్రిలో గంజాయి ఉందని వద్దన్నారు, ఇక్కడ గొంతులున్నాయని వద్దన్నారు. ఆ రోజు బస్టాండులో మా అప్ప అన్న మాట, "పోనీ, ఏదో ఒక్క జబ్బు తెచ్చుకోలేకపోయాడు వెధవ."

ఇది మనుషుల తప్పు కంటే ఏర్పాటులో తప్పు అని నాకు తర్వాత అర్థమైంది. ప్రభుత్వ సాయం అందే మత్తు మానిపించే కేంద్రాలు ఎక్కువగా నడిచేది కేంద్రంలో సామాజిక న్యాయ శాఖ డబ్బుతో. 2020 ఆగస్టు 15న మొదలైన నశా ముక్త్ భారత్ అభియాన్ కూడా ఆ శాఖదే. మానసిక ఆరోగ్య కార్యక్రమం ఆరోగ్య శాఖది. హెల్ప్‌లైన్లు కూడా రెండు. మత్తుకి 14446. మనసుకి టెలీ మానస్, 14416, అది 2022 అక్టోబరులో వచ్చింది. రెండూ ఉచితమే, రెండూ మంచివే, ఫోన్ చేయండి. కానీ అర్ధరాత్రి పిల్లాడు గోడకేసి తల కొట్టుకుంటుంటే, ఇది ఏ శాఖ కిందికి వస్తుందో తేల్చుకుని నంబరు నొక్కే తల్లి ఉంటుందా?

విచిత్రం ఏంటంటే చట్టం ఈ గీత గీయలేదు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలో మానసిక వ్యాధి అనే మాటకి ఇచ్చిన నిర్వచనంలోనే, మద్యం, మత్తుమందుల వాడకంతో వచ్చే మానసిక స్థితులు కూడా ఉన్నాయి. మైనర్‌ను చేర్చుకోవాలంటే ఏం చేయాలో 87వ సెక్షన్‌లో రాశారు. పెద్దవాళ్లతో కలపకుండా విడిగా ఉంచాలి, తల్లో తండ్రో, వాళ్లు పెట్టిన మనిషో పక్కనే ఉండాలి, 72 గంటల్లో మానసిక ఆరోగ్య సమీక్షా బోర్డుకి తెలియజేయాలి. 18 నిండకపోవడం వద్దనడానికి కారణం కాదు, వేరే జాగ్రత్తలతో చేర్చుకోవడానికి కారణం. సైకియాట్రీలో ఎండీ చేసినవాళ్లకి రెండింటిలోనూ శిక్షణ ఉంటుంది. మరి గదులు ఎందుకు రెండయ్యాయో చెప్పేవాళ్లు లేరు.

రెండు చోట్లా వద్దన్నాక ఏ తల్లయినా ఏం చేస్తుంది? డబ్బు కడితే ఎవరినైనా తీసుకునే చోటికి వెళ్తుంది. మేమూ వెళ్లాం. పేరు రాయను గానీ అదొక అద్దె మేడ. లోపల ఎక్కువమంది సారాకి అలవాటైన నడివయసు మగవాళ్లు. పదహారేళ్ల గుంటణ్ణి వాళ్ల మధ్య పడుకోబెట్టారు. వెళ్లగానే గుండు. ఫోన్ లేదు, ఇంటివాళ్లు చూడ్డానికి నెలదాకా కుదరదన్నారు. గంజాయి హఠాత్తుగా ఆపితే నిద్ర పోతుంది, తిండి సహించదు, ముట్టుకుంటే కస్సుమంటారు. మొదటి వారంలో అది బాగా ముదిరి, రెండు వారాలకి తగ్గుముఖం పడుతుంది. దీన్ని అక్కడ "పొగరు" అన్నారు. పొగరుకి వాళ్ల దగ్గరున్న మందు కర్ర. తొమ్మిదో రోజు అక్కడ వంట చేసే మనిషి జాలిపడి ఫోన్ చేస్తే వెళ్లి తెచ్చుకున్నాం. అప్పటికి వాడికి గొంతులు ఇంకా పెరిగాయి. 2001లో తమిళనాడు ఏర్వాడిలో గొలుసులతో కట్టేసిన 28 మంది మానసిక రోగులు మంటల్లో చనిపోతే దేశమంతా అయ్యో అంది. గొలుసు తీసేసి తాళం పెట్టుకున్న చోట్లు ఇంకా ఉన్నాయి.

చెయ్యనివాళ్ల తప్పులు ఇన్ని చెప్పాను కాబట్టి నా తప్పు కూడా. షాపు పెట్టిన కొత్తలో, మత్తునిచ్చే కొడీన్ కలిసిన దగ్గు మందు చీటీ లేకుండా అడిగిన కాలేజీ కుర్రాళ్లకి ఇచ్చాను. ఒకసారి కాదు. వాళ్లకి దగ్గు లేదని నాకు తెలుసు. తర్వాత ఆ మందుని హెచ్1 జాబితాలో పెట్టారు, పేరు రిజిస్టరులో రాయాలి, రిజిస్టరు మూడేళ్లు దాచాలి. ఆ నియమం వచ్చాక మానేశాను అని చెప్పుకోవడంలో గొప్పేమీ లేదు, చీటీ లేకుండా ఇవ్వకూడదనే నియమం అంతకుముందూ ఉంది. ఆ కుర్రాళ్లలో ఒకడు నాలుగేళ్ల తర్వాత డిప్రెషన్ మాత్రల చీటీతో వచ్చాడు. నన్ను గుర్తుపట్టినట్టు లేడు, లేదా గుర్తుపట్టనట్టు ఉన్నాడు.

మా దగ్గర మత్తు అంటే గంజాయి ఒక్కటే కాదని బయటివాళ్లకి తెలియదు. మల్కనగిరి, కోరాపుట్, గజపతి కొండల నుంచి దిగే గంజాయి మూటలే పేపర్లో వస్తాయి. కొండ ఊళ్లలో జీలుగు కల్లు, ఇప్పసారా పండగకీ చావుకీ ఉంటాయి, పిల్లలకీ ఒక గుక్క పోస్తారు. పట్నంలో పదేళ్ల పిల్లలు కూడా పళ్లకి గుడాఖు, అంటే పొగాకు ముద్ద, రాసుకుని కళ్లు తిరిగితే నవ్వుకుంటారు. సైకిల్ షాపుల దగ్గర పంచర్ సొల్యూషన్ గుడ్డలో పోసి పీల్చేవాళ్లు మరీ చిన్నవాళ్లు. ఎయిమ్స్ వైద్యులు కేంద్రం కోసం చేసి 2019లో ఇచ్చిన సర్వేలో, ఇలా పీల్చే మత్తు ఒక్కటే పెద్దల కంటే పిల్లల్లో ఎక్కువ అని తేలింది. పెద్దల్లో 0.58 శాతం, 10 నుంచి 17 ఏళ్లవాళ్లలో 1.17 శాతం. ఇక బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్ 2015-16లో చేసిన జాతీయ సర్వే 13-17 ఏళ్ల పిల్లల్లో 7.3 శాతం మందికి ఏదో ఒక మానసిక సమస్య ఉందంది. 40 మంది ఉన్న క్లాసులో సుమారు ముగ్గురు. ఈ రెండు లెక్కలూ వేరువేరు పుస్తకాల్లో ఉంటాయి, వేరువేరు శాఖల బీరువాల్లో.

ఇంకో భయం కేసు. చిన్నోణ్ణి పెద్ద ఆసుపత్రికి తీసుకెళ్దామంటే మా పెదనాన్న "అక్కడ రాసుకుంటారు, పోలీసులొస్తారు" అని ఆపాడు. ఈయనే ప్రతి శివరాత్రికీ భంగు తాగి వీధి అరుగు మీద పాడతాడు. ఆకుతో చేసే భంగు మాదకద్రవ్యాల చట్టం కిందికి రాదు లెండి, పెదనాన్నకి ఆ సంగతి మాత్రం బాగా తెలుసు. ఆయనకి తెలియనిది, ఆ 1985 చట్టంలోనే 64ఎ అనే సెక్షన్ ఉందని. వాడకం కేసులోగానీ చిన్న మొత్తం కేసులోగానీ ఉన్న వ్యసనపరుడు తనంతట తానుగా ప్రభుత్వ ఆసుపత్రిలోనో, గుర్తింపు ఉన్న చోటనో వైద్యానికి వెళ్లి పూర్తి చేసుకుంటే, ఆ నేరానికి ప్రాసిక్యూషన్ ఉండదు. రోగి వివరాలు గుట్టుగా ఉంచాలని మానసిక ఆరోగ్య చట్టం కూడా చెబుతుంది. ఇక పిల్లలకి మత్తు ఇచ్చినవాడికి 2015 జువైనల్ జస్టిస్ చట్టం కింద ఏడేళ్ల దాకా జైలు, లక్ష దాకా జరిమానా. అంటే చట్టం దృష్టిలో భయపడాల్సినవాడు అమ్మినవాడు. మా ఊళ్లో మాత్రం భయపడి దాక్కునేది పిల్లాడి తల్లి.

చివరికి వైద్యం దొరికింది విశాఖలో. రైల్లో నాలుగైదు గంటలు. ఒక డాక్టరమ్మ. ఆవిడ గంజాయి గురించి మొదట అడగనే లేదు. "నిద్ర పడుతోందా నాన్నా?" అన్నారు. తర్వాత మమ్మల్ని బయటకి పంపి వాడితో ముప్పావు గంట మాట్లాడారు. "గంజాయి నీకేం మేలు చేస్తోంది?" అని అడిగారట. ఏం కీడు చేస్తోందో చెప్పినవాళ్లు అప్పటికి ఇరవై మంది ఉన్నారు, మేలు సంగతి అడిగిన మొదటి మనిషి ఆవిడే. వాడు చెప్పాడట, "తాగితే ఎదురింటోళ్ల గొంతు తగ్గుద్ది. లోపలోడిది తగ్గదు." ఆ సాయంత్రమే తక్కువ మోతాదులో మాత్ర మొదలుపెట్టారు. "ఇంకా తాగుతున్నాడు కదమ్మా" అని నేనే అన్నాను. "అందుకే వారానికొకసారి తీసుకురండి" అన్నారు.

ఆవిడ చేసినవి చెబితే పెద్ద విద్యలా ఉండవు. మొదటి రెండు వారాల లక్ష్యం నిద్ర ఒక్కటే. తర్వాత పొద్దున్న తాగేదాన్ని సాయంత్రానికి జరపడం. మూత్ర పరీక్షలో గంజాయి లేని ప్రతి వారానికీ ఫోన్ రీచార్జ్, ఉంటే తిట్టూ లేదు రీచార్జీ లేదు. సంచి, జేబులు వెతకొద్దని మా అప్పకి గట్టిగా చెప్పారు. బావని సూరత్ నుంచి వీడియోలో కూర్చోబెట్టి, ముందు వెనకల తగువు ఆ రోజుతో ఆపించారు. "రెండూ ఉన్నాయి, రెండింటికీ చేస్తున్నాం" అని ఒక్క ముక్క. చిన్నోడు మళ్లీ తాగాడా అంటే, తాగాడు. మా బరంపురం అమ్మవారు బుఢీ ఠకురాణీ యాత్ర నెలలో, పులి వేషాలు వేసే స్నేహితులతో, మూడు రాత్రులు. పాత పద్ధతిలో అయితే అక్కడితో పేరు కొట్టేసేవాళ్లు. ఆవిడ ఆ వారం రెండుసార్లు రమ్మన్నారు.

దీన్ని నా చుట్టాలు కొందరు గారం అంటారు. "ఇంకా తాగుతుండగానే మందులిస్తే ఇక మానడమెందుకు?" అని. గుడాఖు నోట్లో పెట్టుకుని వచ్చి బీపీ మాత్రలు అడిగేవాళ్లకి నేను రోజూ ఇస్తాను. "ముందు గుడాఖు మానేసి రండి" అంటే ఆ పెద్దమనుషులు నా బోర్డు పీకేస్తారు. పిల్లాడు కాబట్టి, ఎదురు మాట్లాడలేడు కాబట్టి, వాడికి మాత్రం పరీక్ష పెట్టి, పాసైతేనే వైద్యం. అమెరికాలో 2007లో వచ్చిన ఒక పరిశోధనలో డిప్రెషన్, మత్తు అలవాటు, దుడుకు ప్రవర్తన మూడూ ఉన్న 126 మంది టీనేజర్లకి 16 వారాలు చూశారు. అందరికీ మాటల వైద్యం చేశారు. కొందరికి ఫ్లూక్సెటిన్ అనే దిగులు మాత్ర, మిగతావాళ్లకి మందు లేని మాత్ర. మత్తు మానాకే అనే షరతు లేదు. ఒక కొలత ప్రకారం మందు తీసుకున్నవాళ్లలో దిగులు ఎక్కువ తగ్గింది, ఇంకో కొలతలో తేడా కనపడలేదు. మత్తు వాడకం రెండు గుంపుల్లోనూ ఒకేలా తగ్గింది. అంటే దిగులు మాత్ర గంజాయిని మానిపించలేదు. మత్తు మానలేదు కాబట్టి మాత్ర వృథా అనేదీ నిలవలేదు. రెండింటికీ రెండూ కావాలి, కలిపి కావాలి.

నాకు ఇందులో తిరుగులేని రుజువుగా కనిపించేది మాత్రం పరిశోధనల్లోది కాదు, నా కౌంటరు మీదిది. పొగలో ఉండే కొన్ని పదార్థాలు కాలేయంలో ఒక ఎంజైముని పరుగెత్తిస్తాయి. గొంతులకీ అనుమానాలకీ ఇచ్చే ఓలాంజపిన్, క్లోజపిన్ లాంటి మందులని అరగదీసేది అదే ఎంజైము. కాబట్టి బీడీలు బాగా తాగే కుర్రాడికి మామూలు మోతాదు సరిపోకపోవచ్చు, డాక్టరు పెంచుతారు. రేపు వాడు హఠాత్తుగా పొగ మానేస్తే? అదే మోతాదు ఎక్కువైపోతుంది. మనిషి తూలిపోతాడు, పగలంతా మగత. ఇది పొగ చేసే పని, నికోటిన్ చేసేది కాదు, అందుకే ఖైనీ, గుడాఖులతో ఈ గొడవ లేదు. ఇప్పుడు ఆలోచించండి. పొగ మానిపించే మనిషి ఒకచోట, మాత్ర రాసే మనిషి మరోచోట, ఇద్దరికీ మాటల్లేవు. మొదటి మనిషి గెలిచిన రోజున రెండో మనిషి మందు పిల్లాణ్ణి పడగొడుతుంది. మత్తు కోసం ట్రమడాల్ అనే నొప్పి మాత్ర మింగే పిల్లాడికి తెలియక దిగులు మాత్ర రాస్తే మూర్ఛ రావచ్చు. సారా తాగేవాడికి నిద్రమాత్ర రాస్తే ఊపిరి మందగించవచ్చు. ఇవి పరాయి దేశపు సిద్ధాంతాలు కావు, మా వీధి చీటీలు. నేను అలాంటి చీటీ వచ్చినప్పుడల్లా డాక్టరుకి ఫోన్ చేస్తాను. సగం మంది థాంక్స్ చెబుతారు, సగం మంది నువ్వెవరు అంటారు.

ఇన్ని డాక్టర్లు ఎక్కడి నుంచి తెస్తావని అడుగుతారు. నిజమే, దేశంలో లక్షమందికి ఒక సైకియాట్రిస్టు కూడా లేరు. కానీ అంత తక్కువమంది ఉన్నప్పుడే కదా ఒక పిల్లాణ్ణి రెండు చోట్లకి తిప్పకూడనిది. నేను అడుగుతున్నది కొత్త బిల్డింగు కాదు. జిల్లా ఆసుపత్రిలో వారానికి ఒక పూట 18 లోపువాళ్లకి మాత్రమే, ఒక గదిలో, మత్తు చూసే మనిషీ మనసు చూసే మనిషీ పక్కపక్క కుర్చీల్లో, ఒకటే ఫైలు. పక్కన తెలుగు తెలిసిన కౌన్సెలర్. ఆ పూట ఆదివారం కాకుండా, బడి పోకుండా ఉంటే ఇంకా మంచిది, కానీ దాని మీద పట్టుబట్టను.

చిన్నోడికి ఇప్పుడు 20. ఓపెన్ స్కూల్లో పది పూర్తి చేసి, ఫ్రిజ్‌లు, ఏసీలు బాగుచేసే పని నేర్చుకుంటున్నాడు. ఓలాంజపిన్‌తో ఒళ్లు వచ్చిందని, బజార్లో "బొండాం" అంటున్నారని మధ్యలో రెండుసార్లు మాత్రలు ఆపేశాడు. రెండుసార్లూ నేను లెక్కలో పట్టుకున్నాను. గొంతు ఎప్పుడైనా వస్తుందా అంటే "దూరంగా, రేడియోలాగ" అంటాడు.

మొన్న ఆదివారం షాపుకి వచ్చాడు. మాత్రలు తీసుకుని, వెళ్లకుండా అక్కడే నిలబడి, "మావయ్యా, పది రోజులైంది, బీడీ కూడా ముట్టలేదు" అన్నాడు. వీపు తట్టాను. టీ తెప్పించాను. టీ తాగుతూ, "ఈమధ్య పగలు కూడా నిద్ర ముంచుకొస్తోంది, పని చేస్తుంటే చెయ్యి బరువెక్కుతోంది" అన్నాడు మామూలుగా.

గ్లాసు కింద పెట్టి విశాఖకి ఫోన్ కలిపాను.